స్టటర్ ఎక్కడిదాకా తాళం, ఎక్కడినుంచి స్వరం? లైవ్ ఎలక్ట్రానిక్ సంగీత సాఫ్ట్‌వేర్‌పై ఒక పరిశీలన

వేదిక మీద ల్యాప్‌టాప్‌తో సంగీతం నడిపేవాళ్లు చేతికి దగ్గరగా పెట్టుకునే ఎఫెక్టుల్లో స్టటర్ ఒకటి. సాగుతున్న ధ్వనిలోంచి చిన్న ముక్కను పట్టుకుని దాన్నే వెంటవెంటనే మళ్లీ మళ్లీ వినిపించడం దాని పని. ముక్క కాస్త పొడవుగా ఉంటే గాయకుడి మాట మొదటి అక్షరం దగ్గరే ఆగి తడబడుతున్నట్టు ఉంటుంది. ఇంకొంచెం తగ్గిస్తే డ్రమ్ దెబ్బ రోల్‌గా మారుతుంది. మరీ పొట్టిదైతే పాటంతా జుమ్మనే ఒకే శబ్దంలోకి కుంచించుకుపోతుంది. ఈ మూడూ ఒకే బటన్ పని. ఆ బటన్ మీద సాఫ్ట్‌వేర్ రాసేది మాత్రం 1/8, 1/16, 1/32, 1/64 అనే భిన్నాలే.

ఈ భిన్నాలు వాయించేవారికి సరైన దారి చూపిస్తున్నాయా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. శ్రవణ శాస్త్రంలో ఉన్న ఆధారాలను, మామూలు అంకగణితాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన జవాబు ఇది: 1/16 దాకా చూపిస్తున్నాయి, 1/32 దగ్గర సందేహం మొదలవుతుంది, 1/64 దగ్గర పాట వేగం తెలియకుండా ఆ అంకె ఏమీ చెప్పదు.

ముందు కొంత చరిత్ర. ముక్కను తిప్పి తిప్పి వినిపించడం కంప్యూటర్‌తో మొదలైంది కాదు. 1948లో పారిస్ రేడియోలో పియర్ షెఫర్ రికార్డు గాడిని వలయంగా మూసేసి, ముల్లు అదే చుట్టులో తిరిగేలా చేశాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక చుట్టుకు దాదాపు 770 మిల్లీసెకన్లు పడుతుంది. ముక్క పొడవును అక్కడ నిర్ణయించింది యంత్రం వేగం. 1985లో పాల్ హార్డ్‌కాసిల్ చేసిన ‘19’ పాటలో శాంప్లర్ మీట నొక్కిన ప్రతిసారీ మాట మొదటి నుంచి మొదలవడమే పాటకు గుర్తుగా నిలిచింది. బీటీగా పేరున్న బ్రయన్ ట్రాన్సో 2003లో ‘సోమ్నాంబ్యులిస్ట్’ పాటలో గొంతును 6,178 చోట్ల కోసి అతికించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. అది స్టూడియోలో కూర్చుని చేసిన పని. అదే పనిని వేదిక మీద అప్పటికప్పుడు చేయగలగడం తర్వాతి అడుగు. ఏబుల్టన్ లైవ్ ఐదో వెర్షన్‌తో 2005లో బీట్ రిపీట్ అనే స్టటర్ ఎఫెక్ట్ వచ్చింది. బీటీ ఆలోచనల మీద తయారైన స్టటర్ ఎడిట్‌ను ఐజోటోప్ సంస్థ 2011లో విడుదల చేసింది. డీజే సాఫ్ట్‌వేర్లలో సెరాటోకు లూప్ రోల్, ట్రాక్టర్‌కు బీట్‌మాషర్ ఉన్నాయి.

వీటన్నిటి అడుగున ఉండే యంత్రాంగం దాదాపు ఒకటే: ధ్వనిని ఎప్పటికప్పుడు రాసుకుంటూ, చివరికి చేరాక మొదటి నుంచి పాతదాని మీదే మళ్లీ రాసుకునే వలయాకారపు బఫర్. నిమిషానికి 120 బీట్ల వేగంలో రెండు ఆవర్తనాలు, అంటే ఎనిమిది బీట్లు, సరిగ్గా నాలుగు సెకన్లు. సెకనుకు 44,100 శాంపిళ్లు, రెండు చానెళ్లు, శాంపిల్‌కు నాలుగు బైట్లు అనుకుంటే ఆ నాలుగు సెకన్లకు కావలసిన మెమరీ 14 లక్షల బైట్లు దాటి కొంచెం. నేటి కంప్యూటర్‌కు అది లెక్కలోకి రాదు. కాబట్టి మెమరీ సమస్య కాదు. ముక్క ఎక్కడ మొదలవ్వాలి, ఎంత పొడవుండాలి, అంచులు ఎలా కలవాలి అన్నవే అసలు సమస్యలు.

పొడవు సంగతి

1963లో బెల్ ప్రయోగశాలలకు చెందిన న్యూమన్ గట్‌మన్, బేలా యూలెష్ ఒక ప్రయోగం ప్రచురించారు. స్వరమంటూ ఏదీ లేని తెల్లని హోరులోంచి ఒక ముక్క తీసి, దాన్ని ఆపకుండా తిప్పి వినిపించారు. సెకనుకు ఒకటి నుంచి నాలుగు సార్లు తిరిగినప్పుడు అది వచ్చిపోయే ఊపులా వినబడింది. నాలుగు నుంచి పందొమ్మిది మధ్య మోటారు పడవ ఇంజను చప్పుడులా టకటకమంది. పందొమ్మిది దాటాక స్వరం లాంటిది వినిపించడం మొదలైంది. ముక్క లోపలి హోరు అంతటా ఒకే రకం. మారింది తిరిగే వేగం ఒక్కటే. స్టటర్ గురించి ఆలోచించేవాళ్లకు ఇంతకన్నా సూటైన ప్రయోగం దొరకడం కష్టం, ఎందుకంటే స్టటర్ బటన్ చేసేదీ అదే పని.

2001లో డానియెల్ ప్రెస్నిట్జర్, రాయ్ ప్యాటర్సన్, కాట్రిన్ క్రుంబ్‌హోల్జ్ మరో ప్రశ్న అడిగారు. స్వరం లాంటిది వినబడటం వేరు, ఆ స్వరాలతో వరస గుర్తుపట్టగలగడం వేరు. ఈ రెండోదానికి కింది హద్దు ఎక్కడ? వారికి వచ్చిన జవాబు సుమారు 30 హెర్ట్జ్. పియానోలో అన్నిటికన్నా కింది మీట 27.5 హెర్ట్జ్ కావడం దీనికి దగ్గరగానే ఉంది.

ఈ రెండు అంకెలను సాఫ్ట్‌వేర్ భిన్నాల పక్కన పెడదాం. ఒక బీట్‌లో 1/16లు నాలుగు, 1/32లు ఎనిమిది, 1/64లు పదహారు. 1/16 ముక్క సెకనుకు 19 సార్లు తిరగాలంటే పాట వేగం 285 బీపీఎం (నిమిషానికి బీట్లు) ఉండాలి. నాట్య సంగీతంలో అంత వేగం అరుదు. అందుకే 1/16 ఎప్పుడూ తాళంగానే మిగులుతుంది. 1/32 మాత్రం 142.5 బీపీఎం దగ్గర 19 హెర్ట్జ్‌ను తాకుతుంది. 120-130 మధ్య నడిచే హౌస్ సంగీతంలో అది విడివిడి దెబ్బల రోల్. 174 దగ్గర నడిచే డ్రమ్ అండ్ బాస్‌లో సెకనుకు 23 సార్లు తిరిగి జుమ్మనే శబ్దం వైపు ఒరుగుతుంది. 1/64 అయితే 71.25 బీపీఎం దగ్గరే 19 హెర్ట్జ్‌కు చేరి, 112.5 దగ్గర 30 హెర్ట్జ్‌ను దాటుతుంది. అంటే నిదానమైన హిప్‌హాప్ పాటలో 1/64 నొక్కిన వాయిద్యకారుడికి బరబరమనే చప్పుడు, హౌస్‌లో నొక్కిన వాయిద్యకారుడికి ఒక మంద్రస్వరం వస్తాయి. తెర మీద కనిపించే అంకె ఇద్దరికీ ఒకటే.

ఈ హద్దులను గోడలుగా చూడకూడదు. గట్‌మన్, యూలెష్ వాడింది హోరు; పాట ముక్కలో అప్పటికే స్వరం, దెబ్బ, మాట ఉంటాయి. పదునైన దెబ్బతో మొదలయ్యే ముక్క, మెత్తగా సాగే ముక్క ఒకే వేగంలో ఒకేలా కరిగిపోతాయని అనుకోవడానికి లేదు. పరిశోధన గది నిశ్శబ్దం క్లబ్బులో ఉండదు. ప్రతిధ్వనించే హాలులో ఒక ముక్క తోక తర్వాతి ముక్క మీద పడి, దెబ్బల మధ్య ఖాళీలను పూడ్చేస్తుంది. అక్కడ జుమ్మనే శబ్దం ఇంకాస్త ముందే మొదలవుతుందని నా ఊహ. దీన్ని ఊహగానే తీసుకోవాలి. హద్దు కచ్చితంగా ఎక్కడన్నది మారవచ్చు. అది భిన్నానికి కాక సమయానికి కట్టుబడి ఉంటుందన్న విషయం మారదు.

శ్రుతి ఎందుకు తప్పినట్టుంటుంది

వాయించేవాళ్లు తరచుగా గమనించే ఒక విషయానికి ఇక్కడే కారణం దొరుకుతుంది. గొంతు మీద 1/64 స్టటర్ వేస్తే పాట శ్రుతి కాస్త జారినట్టు వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పిచ్ మీట సున్నా దగ్గరే ఉంటుంది, అయినా జారుతుంది.

కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. ఒక ముక్క మార్పు లేకుండా తిరుగుతూ ఉంటే, ఆ తిరిగే వేగానికి పూర్ణాంక గుణిజాలైన పౌనఃపున్యాలు తప్ప మరేవీ ఆ ధ్వనిలో మిగలవు. 120 బీపీఎంలో 1/64 ముక్క పొడవు 31.25 మిల్లీసెకన్లు, తిరిగే వేగం సెకనుకు 32. గాయని 220 హెర్ట్జ్ స్వరం మీద నిలిచి ఉందనుకుందాం. 32కు గుణిజాలు 192, 224, 256 ఇలా సాగుతాయి; 220 వాటిలో లేదు. గొంతు శక్తిలో ఎక్కువ భాగం దగ్గర్లో ఉన్న 224 మీద వాలుతుంది. 220కి, 224కి మధ్య తేడా దాదాపు 31 సెంట్లు, అంటే అర్ధస్వరంలో మూడో వంతుకు కొంచెం తక్కువ. శిక్షణ లేని చెవికి కూడా ఇబ్బందిగా తగలగల తేడా అది.

దీన్ని తప్పుగా కాక పనిముట్టుగా చూడవచ్చు. పాట వేగం 117.86 బీపీఎం దగ్గర పెడితే 1/64 సెకనుకు 31.43 సార్లు తిరుగుతుంది. 220 దానికి ఏడో గుణిజం, స్వరం చెదరదు. 1/128 ముక్క తిరుగుడు సరిగ్గా 55 హెర్ట్జ్ కావాలంటే వేగం 103.125 ఉండాలి. సెట్ తయారు చేసుకునే దశలోనే, స్టటర్ ఎక్కువగా వాడబోయే పాటలకు వేగాన్ని తగినంత అటూ ఇటూ జరిపితే ఈ పొంతన కుదురుతుంది. వేదిక మీదికి ఎక్కాక కుదరదు. వేగాన్ని శ్రుతితో కలిపి ఆలోచించే ఈ అలవాటు చాలామందికి కొత్తగా అనిపించవచ్చు కానీ, 30 హెర్ట్జ్ దాటిన స్టటర్‌లో ఈ రెండూ ఒకే మీటకు కట్టి ఉన్నాయి.

చిన్న స్పీకర్లు 32 హెర్ట్జ్‌ను పలికించలేవు కదా అన్న సందేహం న్యాయమే. అయితే మూల పౌనఃపున్యం లేకపోయినా దాని గుణిజాల మధ్య దూరాన్ని బట్టి చెవి స్వరాన్ని కట్టుకోగలదు. అందుకే ఫోన్ స్పీకర్‌లోనూ ఆ జుమ్మనే శబ్దం కొంతవరకు తెలుస్తుంది.

అంచులు, జారుడు, ఆలస్యం

ముక్క చివర ఉన్న తరంగం ఎత్తు, మొదట్లో ఉన్న ఎత్తు కలవకపోతే ప్రతి చుట్టులో ఒక క్లిక్ పుడుతుంది. దీనికి అందరూ చేసే వైద్యం రెండు అంచులనూ కొన్ని మిల్లీసెకన్లపాటు మెల్లగా పైకి తేవడం, కిందికి దించడం, అంటే ఫేడ్. 125 మిల్లీసెకన్ల ముక్కలో అటు ఐదు, ఇటు ఐదు పోతే నష్టం లేదు. 15.6 మిల్లీసెకన్ల 1/128 ముక్కలో అదే పది మిల్లీసెకన్లు పోతే ముక్కలో మూడింట రెండు వంతులు అంచులే. క్లిక్ పోయిన చోట ధ్వని పైకీ కిందికీ ఊగుతుంది, అదీ తిరిగే వేగంతోనే. కాబట్టి ఫేడ్ పొడవు స్థిరంగా ఉండకూడదు, ముక్కతోపాటు తగ్గాలి. పొట్టి ముక్కల్లో కొంత క్లిక్‌ను ఉండనివ్వడమే మేలని నా అభిప్రాయం. 1990ల్లో గీతలు పడ్డ సీడీల దాటుళ్లతో ఓవల్ బృందం చేసిన సంగీతం ఆ చప్పుడుకు కూడా సంగీతంలో చోటుందని చూపించింది.

సొంతంగా సూపర్‌కొలైడర్‌లోనో మ్యాక్స్ ఫర్ లైవ్‌లోనో స్టటర్ రాసుకునేవాళ్లు చూసుకోవలసింది ఒకటి ఉంది. 174 బీపీఎంలో 1/64 పొడవు 44,100 రేటులో 950.43 శాంపిళ్లు. దాన్ని 950గా గుండ్రం చేసి, ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ పోతే ఒక ఆవర్తనానికి 27.6 శాంపిళ్లు ముందుకు జారుతాం. పదహారు ఆవర్తనాలకు అది పది మిల్లీసెకన్లు. ప్రతి చుట్టు ఆరంభాన్నీ అంతకుముందు చుట్టు నుంచి కాకుండా పాట గడియారం నుంచి లెక్కగడితే ఈ జారుడు ఉండదు.

పది మిల్లీసెకన్లకు ఒక ప్రాముఖ్యం ఉంది. వాయిద్యకారుడి చేతికీ ధ్వనికీ మధ్య ఆలస్యం అంతకు మించకూడదని, ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు ఒక మిల్లీసెకను దాటకూడదని డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ 2002లో ప్రతిపాదించారు. ఆడియో బఫర్‌ను 512 శాంపిళ్లకు పెడితే ఒక్క ఆ మెట్టులోనే 11.6 మిల్లీసెకన్లు పోతాయి. 128కి తగ్గిస్తే 2.9. అయితే ఈ నియమం అన్ని స్టటర్లకూ ఒకే తీరుగా వర్తించదు. స్టటర్లు రెండు రకాలు. ఒకటి బటన్ నొక్కగానే అప్పటికే బఫర్‌లో ఉన్న గత క్షణాన్ని తిప్పుతుంది. దీనిలో ఆలస్యం నేరుగా చేతికి తెలుస్తుంది. రెండోది వచ్చే గ్రిడ్ గీత దాకా ఆగి, అక్కడి నుంచి ముక్క పట్టుకుంటుంది. ముక్క ఒకసారి మామూలుగా వినిపించాకే రెండోసారి వినిపించగలదు కాబట్టి, 120 బీపీఎంలో 1/16 గ్రిడ్ మీద నొక్కిన క్షణానికీ తొలి పునరావృతం చెవిన పడటానికీ మధ్య పావు సెకను వరకు పట్టవచ్చు. ఆ పావు సెకను పక్కన పది మిల్లీసెకన్లు ఏ మూలకు? ఈ రకాన్ని వాడేవాళ్లు బటన్‌ను ముందుగా నొక్కడం అలవాటు చేసుకోవాలి. అది ఏ డ్రైవర్ సెట్టింగ్‌తోనూ తీరేది కాదు.

టైడల్‌సైకిల్స్‌లో వరసలు టైపు చేస్తూ వాయించేవాళ్ల సంగతి వేరు. అక్కడ స్టటర్ అనే ఆదేశం ధ్వని ప్రవాహాన్ని కోయదు, సంఘటనను మళ్లీ మోగిస్తుంది. ప్రతి పునరావృతమూ శాంపిల్ మొదటి దెబ్బ నుంచే మొదలవుతుంది కాబట్టి పైన చెప్పిన అంచుల బాధ చాలావరకు ఉండదు.

యాదృచ్ఛికత గురించి కొంత జాగ్రత్తగా

బీట్ రిపీట్‌లో ఛాన్స్ అనే మీట ఉంది. ఇంటర్వల్ అనే మరో మీట నిర్ణయించిన ప్రతి చోటా స్టటర్ మొదలవుతుందా లేదా అన్నది అది శాతంలో చెబుతుంది. వేరియేషన్ మీట ముక్క పొడవును అప్పటికప్పుడు యాదృచ్ఛికంగా మారుస్తుంది. ఈ రెండింటినీ పెంచితే ఏ చేతి పనీ లేకుండా సంక్లిష్టమైన ధ్వని వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

ఇలాంటి మార్పు వినేవారికి ఏం చేస్తుంది? డయానా డాయిచ్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ఉపయోగపడుతుంది. మాట్లాడిన ఒక వాక్యభాగాన్ని అదే పనిగా వినిపిస్తే, కొంతసేపటికి శ్రోతలకు అది పాటలా వినబడసాగింది. ప్రతిసారీ శ్రుతిని కొంచెం జరిపినా, అక్షరాల క్రమం మార్చినా ఆ మార్పు రాలేదు. ఉన్నదున్నట్టు తిరిగినప్పుడే మాట పాటైంది. ఎలిజబెత్ మార్గులిస్ 2013లో మరో వైపు నుంచి వచ్చారు. బెరియో, ఎలియట్ కార్టర్ వంటి స్వరకర్తల పునరావృతం తక్కువగా ఉండే రచనల్లో కొన్ని భాగాలను కోసి మళ్లీ అతికించినప్పుడు, శ్రోతలు ఆ మార్చిన రూపాలే ఎక్కువ ఆహ్లాదకరంగా, ఆసక్తికరంగా ఉన్నాయని, మనిషి రాసినట్టు ఉన్నాయని చెప్పారు.

వీటిని బట్టి స్టటర్ వేస్తే జనానికి నచ్చుతుందని తేల్చేయకూడదు. డాయిచ్ వాడింది ఒక పూర్తి పదబంధం, మధ్యలో విరామాలతో. స్టటర్ ముక్క తరచుగా అందులో ఒక అక్షరమంత కూడా ఉండదు. మార్గులిస్ శ్రోతలు కూర్చుని విన్నవాళ్లు, నాట్యం చేసినవాళ్లు కారు. నాట్యం చేసేవారి కదలికలను ఓస్లో విశ్వవిద్యాలయంలో రాగ్న్‌హిల్డ్ సోల్‌బర్గ్, అలెగ్జాండర్ జెన్సేనియస్ కొలిచారు. పాట పలచబడినప్పుడు కదలిక తగ్గి, బాస్ తిరిగి వచ్చిన చోట పెరిగింది. కానీ ఆ మధ్యలో వేగం పెంచుకుంటూ పోయే డ్రమ్ రోల్, పైకి లేచే శబ్దం, బాస్ లేకపోవడం అన్నీ కలిసే ఉంటాయి. రోల్ వాటా ఎంతో విడదీయడానికి ఆ ఏర్పాటు సరిపోదు. ఇంతమట్టుకు అనవచ్చు: కచ్చితమైన పునరావృతానికి సొంత శక్తి ఉందనడానికి ఆధారం ఉంది, పునరావృతాన్ని యంత్రం మధ్యమధ్య చెదరగొడితే ఆ శక్తి పెరుగుతుందనడానికి వీటిలో ఆధారం లేదు. అందుకే వేరియేషన్ మీటను సున్నా దగ్గర మొదలుపెట్టడం మేలు. మధ్యలో తిశ్ర నడక కావాలంటే చేత్తో మార్చుకోవచ్చు. అది వినేవారికి నిర్ణయంగా వినబడుతుంది.

తెలుగు గొంతు మీద

తెలుగు పాటలను రీమిక్స్ చేసేవాళ్లకు ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. మాట చివర్లో ముక్క పట్టుకుంటే అందులో ఉండేది సాగుతున్న అచ్చు, దెబ్బ ఉండదు. అది త్వరగా జుమ్మనే స్వరంలోకి కరుగుతుంది, శ్రుతి జారుడు కూడా అక్కడే బాగా తెలుస్తుంది. మాట మొదట్లో క, ట, ప లాంటి పరుషం మీద పట్టుకుంటే ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ ఉంటుంది, తాళం నిలుస్తుంది. ద్విత్వాక్షరాల దగ్గర మరో చిక్కు. ‘చెట్టు’, ‘పక్క’ లాంటి మాటల్లో నాలుక గాలిని బిగించి పట్టే నిశ్శబ్దం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. 31 మిల్లీసెకన్ల ముక్క సరిగ్గా ఆ నిశ్శబ్దంలో పడితే తిప్పడానికి అక్కడ ధ్వనే లేదు. స్టటర్ ఆగిపోయిందని వేదిక మీద కంగారుపడే సందర్భాల్లో కొన్నిటికైనా కారణం ఇదే కావచ్చు. గ్రిడ్‌ను ఒక 1/16 జరిపే ఆఫ్‌సెట్ మీటను ముందే సరిచూసుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు ఒక విన్నపం. భిన్నం పక్కనే ఆ క్షణపు వేగానికి ముక్క ఎన్ని మిల్లీసెకన్లో, సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుందో చూపించండి. టెంపో, భిన్నం రెండూ మీ దగ్గర ఉన్నాయి. ఒక్క భాగాహారం చాలు. అది వచ్చేదాకా వాయించేవాళ్లు బీపీఎంను 60తో భాగించి, 1/32కి ఎనిమిదితో, 1/64కి పదహారుతో గుణించుకోండి. వచ్చిన అంకె ఇరవై లోపు ఉంటే తాళంగా వాడండి, ముప్పై దాటితే పాట శ్రుతితో పోల్చి చూసుకున్నాకే వేదిక ఎక్కండి.